వాలెంటైన్ నిజంగా దొంగచాటు పెళ్లిళ్లు చేశాడా?

కోనసీమ_కుర్రాడు | ఫిబ్రవరి 11, రాత్రి 9:20

మా ఫ్యామిలీ గ్రూపులో ఏటా ఈ వారం ఒకే ఫార్వర్డ్ తిరుగుతుంది. రోమ్‌లో క్లాడియస్ అనే చక్రవర్తి ఉండేవాడట. పెళ్లయిన సిపాయిలు యుద్ధానికి పనికిరారని పెళ్లిళ్లే నిషేధించాడట. వాలెంటైన్ అనే ఫాదర్ రాత్రిపూట దొంగచాటుగా పెళ్లిళ్లు చేసేవాడట. పట్టుకుని జైల్లో వేస్తే జైలరు కూతురికి చూపు తెప్పించి, ఆ అమ్మాయితోనే ప్రేమలో పడ్డాడట. తల తీసే ముందు రోజు "నీ వాలెంటైన్" అని సంతకం పెట్టి ఆమెకి ఉత్తరం రాశాడట.

ఇన్ని "అట"లున్న కథలో అసలెంత? మా పెద్దమామయ్య అక్షరం పొల్లు పోకుండా నిజమంటాడు. బావేమో గ్రీటింగ్ కార్డుల వాళ్లు అల్లిందని కొట్టిపారేస్తాడు. చదివినవాళ్లు చెప్పండి. మతాల గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

పాతకాగితం | ఫిబ్రవరి 11, రాత్రి 10:02

ముందు చక్రవర్తి సంగతి. ఉన్నమాట నిజమే. రెండో క్లాడియస్, 268 నుంచి 270 దాకా ఏలాడు. ఆ కాస్త కాలంలో ఎక్కువ భాగం గోతులు (గోత్‌లు) అనే తెగ మీద యుద్ధాలకే పోయింది, అందుకే క్లాడియస్ గోథికస్ అంటారు. చివరికి ఇప్పటి సెర్బియాలో ఉన్న సిర్మియంలో అంటురోగంతో పోయాడు. రోమ్‌లో కూర్చుని ఎవరి పెళ్లి ఎవరు చేస్తున్నారో ఆరా తీసే తీరిక ఆయనకెక్కడిది? క్రైస్తవుల మీద పెద్ద ఎత్తున హింస కూడా ఆయన హయాంలో కనపడదు. అంతకుముందు డేసియస్, వలేరియన్ కాలాల్లో జరిగింది. మళ్లీ 303లో డయొక్లీషియన్ మొదలుపెట్టాడు.

ఇక పెళ్లిళ్ల నిషేధం. తమాషా ఏంటంటే, అలాంటి నిషేధం ఒకప్పుడు నిజంగానే ఉంది. అగస్టస్ కాలం నుంచి సర్వీసులో ఉన్న సిపాయి చట్టప్రకారం పెళ్లాడకూడదు. దాన్ని సెప్టిమియస్ సెవెరస్ 197 ప్రాంతంలో ఎత్తేశాడు. అంటే క్లాడియస్ గద్దెనెక్కేసరికి అది పోయి డెబ్బై ఏళ్లు దాటింది. ఆయన మళ్లీ తెచ్చాడని చెప్పే చట్టం గానీ శాసనం గానీ లేవు.

నవ్వులరాజు | ఫిబ్రవరి 11, రాత్రి 10:09

అంటే ఆ గోతులతో కొట్లాడింది పెళ్లయినవాళ్లేనన్నమాట. గెలిచారంటే ఆశ్చర్యమేముంది, ఇంట్లో ప్రాక్టీసు ఉంటుందిగా.

మరియపురం_టీచర్ | ఫిబ్రవరి 12, ఉదయం 6:45

మాది కతోలిక కుటుంబం. మా పునీతుల (సెయింట్ల) చరిత్రల్లో ఈయన కథలో పెళ్లిళ్లూ లేవు, ప్రేమలేఖా లేదు. ఉన్నది చెప్తాను.

వాలెంటైన్ రోమ్‌లో ఒక గురువు, అంటే ఫాదర్. హింస పడుతున్న విశ్వాసులకు సాయం చేస్తున్నాడని పట్టుకెళ్లి క్లాడియస్ ముందు నిలబెట్టారు. మా దేవుళ్లకు మొక్కి మాతో స్నేహంగా ఉండొచ్చు కదా అని రాజు మెత్తగానే అడిగాడు. ఈయన జవాబు విని కాస్త ఆలోచనలో కూడా పడ్డాడు. ఈలోగా పక్కనున్న అధికారి ఒకడు, ప్రభువుని మాయ చేస్తున్నారని గోల పెట్టాడు. జనం తిరగబడతారేమోనని రాజు భయపడి ఆస్టేరియస్ అనే న్యాయాధికారికి అప్పగించేశాడు.

ఆ ఆస్టేరియస్ ఇంట్లో ఒక పెంపుడు కూతురు ఉంది. రెండేళ్లుగా చూపు లేదు. "మీ ప్రభువే వెలుగంటున్నావుగా, ఈ పిల్లకి చూపు ఇప్పించు, నువ్వేం చెప్తే అది చేస్తాను" అన్నాడు. వాలెంటైన్ ఆ పిల్ల కళ్ల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు, చూపొచ్చింది. ఆస్టేరియస్ మాట మీద నిలబడ్డాడు. ఇంట్లో విగ్రహాలు తీసేశాడు, మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు, ఇంటిల్లిపాదీ జ్ఞానస్నానం పొందారు. సంగతి తెలిసిన రాజు అందరినీ శిక్షించాడు. వాలెంటైన్‌కి ఫ్లామినియా రోడ్డు మీద ఫిబ్రవరి 14న శిరచ్ఛేదం చేశారు.

ఇంతే కథ. ఆయన గురువు, ఆ పిల్ల ఆయనకి బిడ్డ లాంటిది. జైలరు కూతురితో లవ్ స్టోరీ చేస్తే మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

పాతకాగితం | ఫిబ్రవరి 12, ఉదయం 8:30

టీచర్ గారు బాగా చెప్పారు. దీనికి ఇంకో చిక్కు ఉంది. అదే ఫిబ్రవరి 14న, అదే ఫ్లామినియా రోడ్డు మీద ఇంకో వాలెంటైన్ ఉన్నాడు. ఈయన రోమ్‌కి ఉత్తరాన ఉన్న టెర్ని పట్టణానికి పీఠాధిపతి, అంటే బిషప్. రోమ్‌లో క్రాటన్ అని పెద్ద పండితుడు, ఆయన కొడుకు ఒళ్లు వంకర్లు పోయి మంచాన పడ్డాడు. టెర్ని నుంచి వాలెంటైన్‌ని పిలిపిస్తే నయం చేశాడు. దాంతో క్రాటన్ కుటుంబం, ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్లు క్రైస్తవం తీసుకున్నారు. నగరాధికారి ప్లాసిడస్ రాత్రికి రాత్రి తల తీయించాడు. శిష్యులు ముగ్గురు శవాన్ని టెర్నికి మోసుకెళ్లి పాతిపెట్టారు.

ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే తేదీ, ఒకే రోడ్డు, పెద్దింటి బిడ్డకి జబ్బు నయం చేయడం కూడా ఒకటే. ఒక మనిషి కథే రెండూళ్లలో రెండుగా పెరిగిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం, నాకూ అదే అనిపిస్తుంది. వీళ్లు కాక ఆఫ్రికాలో చనిపోయిన మూడో వాలెంటైన్ పేరు కూడా అదే రోజు కింద జాబితాల్లో ఉంది, ఆయన గురించి పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

ఈ కథలు రాసినవాళ్లెవరూ చూసి రాయలేదు. మనకు దొరికిన రాతలు ఆయన పోయిన రెండు మూడు వందల ఏళ్ల తర్వాతివి. వేదసాక్షులంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లు. రోమ్ వేదసాక్షుల పాత జాబితా 354 నాటిది ఒకటుంది, అందులో వాలెంటైన్ పేరు లేదు.

బిజినెస్_బాబాయ్ | ఫిబ్రవరి 12, ఉదయం 9:11

జాబితాలో పేరే లేదంటే మనిషే లేడని కదా అర్థం. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. గులాబీలు, చాక్లెట్లు, కార్డులు అమ్ముకోవడానికి అమెరికా కంపెనీలు పుట్టించిన పండగ.

రోమ్_ట్రామ్ | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:40

బాబాయ్, నేను ఉద్యోగం మీద రోమ్‌లోనే ఉంటున్నాను. మనిషి లేడని అంత తేలిగ్గా అనలేం. ఫ్లామినియా రోడ్డు పక్కన, పారియోలి గుట్ట కింద ఆయన సమాధి చోటు ఇప్పటికీ ఉంది. పోప్ మొదటి జూలియస్, అంటే 337–352 మధ్య, అక్కడ గుడి కట్టించాడని పోపుల చరిత్రలో రాసి ఉంది. ఏడో శతాబ్దంలో పోప్ హొనోరియస్ దాన్ని బాగు చేయించాడు. ఇప్పుడు మిగిలింది పునాదులు, కాసిని గోడలు, వెనక గుట్టలో తవ్విన భూగర్భ శ్మశానం. ఉత్తరం నుంచి వచ్చే యాత్రికులకి ఊరి బయట మొదట కనపడే గుడి అదే కావడంతో, ఇప్పటి పొపొలో గేటుని మధ్యయుగంలో వాలెంటైన్ గేటు అనేవారు. ఎవరో ఒక వాలెంటైన్‌ని అక్కడ పాతిపెట్టకుండానే చనిపోయిన డెబ్బై ఎనభై ఏళ్లకి గుడి కట్టరు కదా.

ఇంకొకటి. కాస్మెదిన్ మరియమాత గుడిలో పూలదండ చుట్టిన పుర్రె ఉంది, గాజు పెట్టెలో. వాలెంటైన్‌దని చెప్తారు. ఆ గుడి బయట వసారాలో అబద్ధం చెప్తే చెయ్యి కొరుకుతుందనే రాతి ముఖం ఉంటుంది, దాని నోట్లో చెయ్యి పెట్టి ఫొటో దిగడానికి టూరిస్టులు గంటలకొద్దీ లైన్లో నిలబడతారు. ఫొటో అవగానే అటునుంచి అటే వెళ్లిపోతారు. ప్రేమికుల పునీతుడు లోపల పక్క పీఠం మీద ఒంటరిగా ఉంటాడు పాపం.

డబ్లిన్_చినుకు | ఫిబ్రవరి 12, సాయంత్రం 4:15

ఆయన మా ఊళ్లో కదా ఉన్నాడు! డబ్లిన్‌లో వైట్‌ఫ్రయర్ స్ట్రీట్ అని కార్మెలైట్ సభ వాళ్ల గుడి. 1835లో జాన్ స్ప్రాట్ అనే ఇక్కడి ఫాదర్ రోమ్ వెళ్లి ప్రసంగాలు చేస్తే జనం ఎగబడి విన్నారట. ఆ ఆదరణ చూసి పోప్ పదహారో గ్రెగరీ వాలెంటైన్ అవశేషాలు కానుకిచ్చాడు. 1836 నవంబర్ 10న డబ్లిన్ చేరాయి. రంగు కాగితం అతికించిన చెక్క పెట్టె, దానికి ఎర్ర పట్టు రిబ్బను కట్టి సీలు వేశారని వెంట వచ్చిన లేఖలో ఉంది. స్ప్రాట్ పోయాక ఎవరూ పట్టించుకోక ఆ పెట్టె స్టోర్‌రూములో పడి ఉంది, ఇరవయ్యో శతాబ్దంలో గుడికి రిపేర్లు చేసేటప్పుడు మళ్లీ బయటికి తీశారు.

ఇప్పుడు ఆయనకొక పీఠం, దాని మీద విగ్రహం ఉన్నాయి. వేదసాక్షి కాబట్టి ఎర్ర వస్త్రాలు, చేతిలో క్రోకస్ పువ్వు. పక్కనే ఒక పుస్తకం పెడతారు, వచ్చినవాళ్లు అందులో మనవి రాసుకోవచ్చు. నేను వెళ్లినప్పుడు తిరగేసి చూశాను. పెళ్లి కుదరాలని రాసినవాళ్లకంటే, విడిపోయినవాళ్లు తిరిగి రావాలని రాసినవాళ్లే ఎక్కువ కనపడ్డారు. 14న పూజలో ఉంగరాలు ఆశీర్వదిస్తారు.

పాతకాగితం | ఫిబ్రవరి 12, సాయంత్రం 5:50

మంచి వివరం. అయితే ఆ లేఖలోనే ఇంకో సంగతి ఉంది చూడండి. డబ్లిన్ అవశేషాలు తీసింది తిబుర్తినా రోడ్డు మీదున్న హిప్పోలిటస్ శ్మశానం నుంచి. మన వాలెంటైన్‌ని పాతిపెట్టింది ఫ్లామినియా రోడ్డు మీద. ఒకటి రోమ్‌కి తూర్పు దారి, ఇంకోటి ఉత్తరపు దారి.

ఆ రోజుల్లో భూగర్భ శ్మశానాల్లో దొరికిన ఎముకల్ని వేదసాక్షులవని నమ్మి యూరప్ అంతటికీ పంపేవారు. వాలెంటైన్ రోమ్‌లో చాలా మామూలు పేరు. అందుకే టెర్నిలో ఒకరు, డబ్లిన్‌లో ఒకరు, గ్లాస్గోలో ఒకరు. ఫ్రాన్స్‌లో రోక్మోర్ అనే ద్రాక్షతోటల ఊరుంది, అక్కడి వాళ్లకి మరీ విచిత్రమైన అవసరం వచ్చింది. 1860లలో ఫిలొక్సెరా అనే పురుగు పట్టి తోటలు ఎండిపోతుంటే, తీగలు బతికించమని 1868లో రోమ్ నుంచి వాలెంటైన్ అవశేషాలు తెప్పించుకున్నారు.

మరియపురం_టీచర్ | ఫిబ్రవరి 12, రాత్రి 8:05

మీరు చెప్పే చరిత్ర కాదనను. కానీ ఆ పెట్టె ముందు మోకరించే మనిషి ఎముకకి సర్టిఫికెట్ అడగడు, పునీతుడి మధ్యవర్తిత్వం అడుగుతాడు. రెండూ వేరు వేరు సంగతులు.

ఇంకోటి, ఈయన ఒక్క ప్రేమికులకే కాదు. మూర్ఛరోగులకి, తేనెటీగలు పెంచేవాళ్లకి కూడా పాలక పునీతుడు. జర్మనీ వైపు మూర్ఛ తగ్గాలని ఈయనకి మొక్కుకోవడం చాలా పాత అలవాటు. ఆ సంగతి ఏ కార్డు మీదా ఉండదు.

ఓరుగల్లు_పిల్లగాడు | ఫిబ్రవరి 12, రాత్రి 9:30

అన్నలూ, అసలు ముచ్చట ఎవ్వరూ ఎత్తుత లేరేంది? రోమ్‌ల లూపర్‌కాలియా అని పండుగ ఉండె. పూజారులు మేకలను, కుక్కను బలిచ్చి, ఆ మేకతోలు పట్టీలతోని ఆడోళ్లను కొట్టుకుంట ఉరికెటోళ్లు. దెబ్బ తగిలితే పిల్లలు పుడతరని నమ్మకం. పిలగాండ్లు డబ్బాల చీటీలు తీసి అమ్మాయిలను ఎంచుకునేటోళ్లు. 496ల పోప్ జెలాసియస్ దాన్ని బంద్ చేసి వాలెంటైన్ పండుగ పెట్టిండు. గింతే కథ.

పాతకాగితం | ఫిబ్రవరి 12, రాత్రి 10:20

తమ్ముడూ, మేకతోలు దాకా కరెక్టే. ఆ పండగ ఫిబ్రవరి 15న. జెలాసియస్ దాన్ని తిడుతూ రాసిన పెద్ద లేఖ కూడా మనకు దొరికింది. కానీ ఆ లేఖలో వాలెంటైన్ మాటే లేదు. దాని బదులు ఇది పెడుతున్నానని ఆయన ఎక్కడా అనలేదు.

చీటీల సంగతి పాత రోమన్ రాతల్లో ఎక్కడా కనపడదు. ఆల్బన్ బట్లర్ అనే ఇంగ్లిష్ ఫాదర్ 18వ శతాబ్దంలో పునీతుల చరిత్రలు రాస్తూ ఆ ముక్క చేర్చాడు. అప్పటి ఇంగ్లండ్‌లో కుర్రకారు నిజంగానే వాలెంటైన్ రోజున చీటీలు తీసేవారు. ఆ అలవాటుని వెనక్కి, రోమ్ దాకా జరిపేశాడు. జాక్ ఓరక్ అనే పండితుడు 1981లో ఈ ముడులన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు.

ఎమ్మే_ఇంగ్లిష్ | ఫిబ్రవరి 12, రాత్రి 11:05

హమ్మయ్య, ఇప్పుడు మా సబ్జెక్టులోకి వచ్చారు. ప్రేమకీ వాలెంటైన్‌కీ ముడి పెట్టిన మొదటి రాతల్లో చెప్పుకోవాల్సింది జాఫ్రీ చాసర్ అనే ఇంగ్లిష్ కవిది. 1380ల ప్రాంతంలో ఆయన రాసిన పక్షుల సభ కావ్యం. వాలెంటైన్ రోజున పక్షులన్నీ ప్రకృతి దేవత ముందు కొలువు తీరతాయి, ఆ ఏడాదికి జోడీ ఎంచుకోవడానికి. దేవత చేతి మీద ఒక ఆడ గద్ద. దానికోసం మూడు మగ గద్దలు పోటీ. నేనెక్కువంటే నేనెక్కువని అవి చేసే ప్రసంగాలు తెమలవు. కింద బాతులూ కోకిలలూ ఆకలేస్తోంది, తొందరగా తేల్చండి, మా జోడీలు మాకిచ్చి పంపండి అని గోల పెడతాయి. చివరికి ఆడ గద్ద, నాకు ఏడాది టైమివ్వండి, ఆలోచించుకుంటానంటుంది. దేవత సరేనంటుంది. మిగతా పక్షులు జోడీలతో ఎగిరిపోతాయి.

ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్‌కి బొహీమియా రాకుమారి ఆన్‌తో 1381లో సంబంధం కుదిరింది, 1382 జనవరిలో పెళ్లయింది. ఆ సంబంధాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాడని చాలామంది అంటారు. ఆ పిల్ల గద్ద టైమడగడం మాత్రం నాకు భలే ఇష్టం. ఆ రోజుల్లో ఏ రాకుమారికి ఆ అవకాశం ఉండేది?

అంతకు సుమారు వందేళ్ల ముందు జాకొపో ద వొరాజినే పునీతుల కథలన్నీ పెద్ద సంకలనంగా కూర్చాడు. అందులో వాలెంటైన్ ఉన్నాడు, రాజుతో వాదన ఉంది, చూపు రావడం ఉంది. ప్రేమికుల ఊసు లేదు.

కొల్లేరు_కొంగ | ఫిబ్రవరి 13, ఉదయం 7:00

చిన్న డౌటు. మన కొల్లేరులో అటపాక దగ్గర గూడబాతులు చలికాలంలోనే గూళ్లు పెడతాయి, కాబట్టి మనకిది వింతగా అనిపించదు. కానీ ఇంగ్లండ్‌లో ఫిబ్రవరి మధ్యలో చలి ఎముకలు కొరుకుతుంది కదా. పూలు, పచ్చిక, పక్షుల జోడీలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఎమ్మే_ఇంగ్లిష్ | ఫిబ్రవరి 13, ఉదయం 7:48

ఇదే అడిగి హెన్రీ ఆన్స్‌గర్ కెల్లీ అనే ప్రొఫెసర్ 1986లో ఏకంగా పుస్తకం రాశాడు. చాసర్ చెప్పింది ఫిబ్రవరి వాలెంటైన్ కాదు, ఇటలీలో జెనోవా ఊరి పీఠాధిపతి వాలెంటైన్ అంటాడు. ఆయన పండగ మే నెల మొదట్లో, అప్పుడు పూలూ పక్షులూ అన్నీ సరిపోతాయి.

నేను ఒప్పుకోను. ఒకటి, 14వ శతాబ్దంలో వాడింది జూలియన్ క్యాలెండర్. వాళ్ల ఫిబ్రవరి 14 అంటే మన లెక్కలో 22. రెండు, అక్కడ కొన్ని పక్షులు ఫిబ్రవరిలోనే కూత మొదలుపెడతాయి. మూడు, రైతు దృష్టిలో అది చలి విరిగే రోజు. స్లోవేనియాలో ఇప్పటికీ వాలెంటైన్ వేర్ల తాళంచెవులు తెస్తాడంటారు, తోట పనులు ఆ రోజుల్లోనే మొదలుపెడతారు.

బిజినెస్_బాబాయ్ | ఫిబ్రవరి 13, ఉదయం 9:25

సరే, కవి కల్పించాడు. జనంలోకి తెచ్చింది మాత్రం కార్డుల కంపెనీయే.

పాతకాగితం | ఫిబ్రవరి 13, ఉదయం 10:10

కార్డులమ్మే హాల్‌మార్క్ కంపెనీ పుట్టింది 1910లో. అమెరికాలో ఎస్తర్ హౌలాండ్ అనే ఆవిడ లేసులు, రంగు కాగితాలతో వాలెంటైన్ కార్డులు చేయించి అమ్మడం మొదలుపెట్టింది 1840లలో. బ్రిటన్‌లో 1840లో ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే పెన్నీ పోస్టేజీ వచ్చాక కార్డుల జోరు పెరిగింది. వ్యాపారం పెద్దదే, కాదనను. కానీ ఆ పెన్నీ పోస్టేజీ రాకముందే నాలుగు వందల ఏళ్లుగా జనం ఒకరినొకరు వాలెంటైన్ అని పిలుచుకుంటున్నారు.

కోనసీమ_కుర్రాడు | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 12:30

నాకు అర్థమైంది ఇదీ: మనిషి పోయింది 270 దగ్గర్లో, ప్రేమ అంటుకుంది 1380 దగ్గర్లో. మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఖాళీ. మరి చర్చివాళ్లు ఈయన్ని లిస్టులోంచి తీసేశారని విన్నాను, అది ఇందుకేనా?

మరియపురం_టీచర్ | ఫిబ్రవరి 13, సాయంత్రం 6:40

తీసేసింది పునీతుల లిస్టులోంచి కాదు బాబూ, క్యాలెండర్లోంచి. 1969లో పోప్ ఆరో పౌలు ఆరాధన క్యాలెండర్ సవరించినప్పుడు, చారిత్రక ఆధారం తక్కువున్న పండగలు కొన్ని ప్రపంచమంతా పాటించే జాబితా నుంచి తప్పించారు. వేదసాక్షుల గ్రంథంలో ఫిబ్రవరి 14 కింద వాలెంటైన్ పేరు ఇప్పటికీ ఉంది. ఆ రోజున గుళ్లలో స్మరించేది సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ముల్ని, స్లావ్ ప్రజలకి సువార్త తీసుకెళ్లినవాళ్లు. ఆర్థడాక్స్ వాళ్లకైతే వాలెంటైన్ పండగలు జూలైలో వస్తాయి, రోమ్ గురువుకి 6న, టెర్ని పీఠాధిపతికి 30న.

మా వైపు ఫిబ్రవరి అంటే గుణదల మాత తిరునాళ్లే, 9 నుంచి 11 దాకా. ఆ అలసట తీరకముందే 14 వచ్చేస్తుంది. 2018లో, 2024లో అయితే విభూది బుధవారం సరిగ్గా 14నే పడింది. నుదుట బూడిద, కడుపులో ఉపవాసం. మా అబ్బాయి ఆ రోజు కాలేజీ నుంచి వచ్చిన ముఖం ఇంకా గుర్తుంది నాకు.

దేశభక్తుడు_99 | ఫిబ్రవరి 13, రాత్రి 7:15

ఇదంతా విదేశీ గోల. ఫిబ్రవరి 14న భగత్ సింగ్‌కి ఉరిశిక్ష పడింది, అది గుర్తు చేసుకోండి ముందు.

మోడరేటర్ | ఫిబ్రవరి 13, రాత్రి 7:32

భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు శిక్ష పడింది 1930 అక్టోబర్ 7న. ఉరి తీసింది 1931 మార్చి 23న. ఈ ఫార్వర్డ్ కూడా ఏటా తిరుగుతూనే ఉంటుంది. వాళ్లని గుర్తు చేసుకోవాలంటే సరైన తేదీన చేసుకుందాం. ఇక్కడ విషయం మీదే ఉండండి.

ఎమ్మే_ఇంగ్లిష్ | ఫిబ్రవరి 13, రాత్రి 9:00

నిజమైన వాలెంటైన్ ఉత్తరం కావాలన్నవాళ్లకి ఒకటుంది. 1477 ఫిబ్రవరి, ఇంగ్లండ్‌లో నార్ఫోక్. రాసింది మార్జరీ బ్రూస్ అనే పెళ్లికాని పిల్ల. ఎవరికంటే జాన్ పాస్టన్ అనే అబ్బాయికి. ఇంగ్లిష్‌లో మిగిలిన వాలెంటైన్ లేఖల్లో ఇదే అన్నిటికంటే పాతదంటారు. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

సంగతేంటంటే, సంబంధం కట్నం దగ్గర ఆగింది.

అవును, కట్నమే. పాస్టన్ వాళ్లు అడిగినంత బ్రూస్ గారు ఇవ్వనంటున్నాడు. పిల్ల తల్లి ఎలిజబెత్‌కి ఈ సంబంధం ఇష్టం. ఆవిడ అబ్బాయికి కబురు రాసింది: శుక్రవారం వాలెంటైన్ రోజు, ప్రతి పక్షీ జోడీ వెతుక్కుంటుంది, గురువారం రాత్రికే వచ్చి సోమవారం దాకా ఉండేలా రండి, మా ఆయనతో మాట్లాడుకోవచ్చు. ఒక్క దెబ్బకే కూలే ఓక్ చెట్టు ఓ చెట్టేనా అని కూడా రాసింది. అంటే మొదటిసారి కాదన్నాడని ఊరుకోకు బాబూ అని.

తర్వాత మార్జరీ రాసింది. నా ప్రియమైన వాలెంటైన్ అని మొదలుపెట్టి, మీ కబురు వినేదాకా నాకు ఒంట్లోనూ బాగోదు, మనసూ బాగోదు అంటుంది. అమ్మ నాన్నతో చాలా పోరాడింది, మీకు తెలిసినదానికంటే పైసా పెరగలేదు, నన్ను నిజంగా ప్రేమిస్తే ఆ కారణంగా వదిలెయ్యరు కదా అంటుంది. మీకు ఇప్పుడున్న ఆస్తిలో సగమే ఉన్నా నేను మిమ్మల్ని వదలను అంటుంది. ఈ కాగితం మీరు తప్ప లోకంలో ఇంకెవరూ చూడకూడదని చివర్లో బతిమాలుతుంది. చెప్పి రాయించింది కాబట్టి గుమాస్తా అప్పటికే చూసేశాడు, ఇప్పుడు మనమంతా చూస్తున్నాం.

ఓరుగల్లు_పిల్లగాడు | ఫిబ్రవరి 13, రాత్రి 9:22

అక్కా, గిది మా ఊరి కథ లెక్కనే ఉంది గదా. ఎంత మీద ఆగింది బేరం?

ఎమ్మే_ఇంగ్లిష్ | ఫిబ్రవరి 13, రాత్రి 9:40

రెండో ఉత్తరంలో అంకె కూడా ఉంది తమ్ముడూ. నాన్న 100 పౌండ్లు, 50 మార్కులకి మించి ఇవ్వరు, దానికి తృప్తిపడితే నాకంటే సంతోషించే పిల్ల ఉండదు, లేదంటే ఇక రావద్దు, ఈ మాట ఇంతటితో ముగించేద్దాం అంటుంది. మొదటి ఉత్తరంలో బతిమాలిన పిల్లేనా ఇది అనిపిస్తుంది.

పాతకాగితం | ఫిబ్రవరి 13, రాత్రి 10:05

మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు. 50 మార్కులు 33 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు. మొత్తం 133 చిల్లర.

డబ్లిన్_చినుకు | ఫిబ్రవరి 13, రాత్రి 10:31

పెళ్లయిందా లేదా? అది చెప్పకుండా లెక్కలేంటి!

ఎమ్మే_ఇంగ్లిష్ | ఫిబ్రవరి 13, రాత్రి 11:15

అయింది, అదే ఏడాది. అబ్బాయి తల్లి మార్గరెట్ ఇష్టపడి తన భూమిలో కొంత ఇవ్వడానికి ఒప్పుకుంది, పెద్దకొడుకు మాత్రం సణుగుతూనే ఉన్నాడు.

అన్నట్టు, థ్రెడ్ పేరులో దొంగ పెళ్లి అన్నారు కదా. ఆ పాస్టన్ ఇంట్లోనే అలాంటిది జరిగింది, అంతకు ఎనిమిదేళ్ల ముందు. జాన్ చెల్లెలి పేరు కూడా మార్జరీయే, మన ఇళ్లల్లో ఇద్దరు లక్ష్ములున్నట్టు. ఈ పిల్ల ఇంట్లో పనిచేసే రిచర్డ్ కాలే అనే గుమాస్తాని ఎవరికీ తెలియకుండా పెళ్లాడింది. ఫాదర్ లేడు, గుడి లేదు. అప్పటి చర్చి చట్టంలో ఇద్దరూ నిన్ను పెళ్లాడుతున్నానని ఒకరికొకరు మాటిచ్చుకుంటే చాలు, అది పెళ్లే. దొంగచాటు పెళ్లికి వాలెంటైన్ లాంటివాళ్లతో అవసరమే లేదు.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. 1469లో నారిచ్ బిషప్ ఇద్దరినీ విడివిడిగా పిలిచి, సరిగ్గా ఏ మాటలన్నారో చెప్పమన్నాడు. ఆ పిల్ల చెప్పింది. ఆ మాటలు చాలకపోతే ఇక్కణ్ణుంచి కదిలేలోపు ఇంకా గట్టిగా చెప్తానంది. పెళ్లి చెల్లింది. తల్లి మాత్రం గడప తొక్కనివ్వలేదు.

ఈ జాన్ ఆ రోజుల్లో ఏమని రాశాడో తెలుసా? మా చెల్లెల్ని ఫ్రామ్లింగమ్ ఊళ్లో కొవ్వొత్తులూ ఆవాలూ అమ్ముకునేలా చేస్తానంటే ఆ కాలేకి నా ఒప్పుదల జన్మలో దొరకదని. కాలే మాత్రం తర్వాత కూడా ఆ ఇంటి లెక్కలే రాశాడు. తల్లి 1482లో వీలునామా రాస్తూ ఆ కూతురి కొడుక్కి 20 పౌండ్లు పెట్టింది.